డ్రైవ్ ట్రిప్ కోడ్‌ను ఎంతవరకు నమ్మాలి?

రైస్‌మిల్లు ఎలివేటర్ దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దాకా మూడు ఫేజుల మోటారు ఉన్న చాలా చోట్ల ఇప్పుడు దాని ముందు ఒక వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడును అదుపు చేసే పెట్టె, ఉంటోంది. కొందరు డ్రైవ్ అంటారు, కొందరు ఇన్వర్టర్ అంటారు. అది తనంతట తాను ఆగిపోతే, అంటే ట్రిప్ అయితే, డిస్‌ప్లే మీద ఒక కోడ్ వస్తుంది. మాన్యువల్ తీసి చూస్తే ఆ కోడ్ ఎదురుగా ఎనిమిదో తొమ్మిదో కారణాలుంటాయి. లోడ్ ఎక్కువై ఉండొచ్చు, కేబుల్ షార్ట్ అయి ఉండొచ్చు, పారామీటర్ (డ్రైవ్‌లోని సెట్టింగు) తప్పయి ఉండొచ్చు, లోపల ఐజీబీటీ (మోటారుకు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) పోయి ఉండొచ్చు. అంటే పని మళ్లీ మొదటికే. చివరికి రీసెట్ నొక్కడం, స్టార్ట్ చేయడం, ఆగితే మళ్లీ నొక్కడం, ఇదే రిపేరుగా మారిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, డ్రైవ్ నేరుగా కొలిచేవి ప్రధానంగా మూడే: లోపలి డీసీ బస్ వోల్టేజి (వచ్చిన ఏసీని డీసీగా మార్చాక లోపల నిలిచే వోల్టేజి), మోటారుకు వెళ్లే కరెంటు, హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) వేడి. డిస్‌ప్లే మీద కనిపించే పాతికో యాభయ్యో కోడ్‌లలో పవర్ వైపు కోడ్‌లన్నీ దాదాపుగా ఈ మూడింటి నుంచి లెక్కగట్టినవే. ఇన్‌పుట్ ఫేజ్ పోయిందని చెప్పే చాలా డ్రైవ్‌లు ఆ ఫేజ్‌ను చూడవు. బస్ వోల్టేజిలో అలలు పెరిగాయని చూసి ఫేజ్ పోయిందని ఊహిస్తాయి. ఎర్త్ ఫాల్ట్ అంటే మోటారుకు వెళ్లే యూ, వీ, డబ్ల్యూ వైర్ల కరెంట్ల మొత్తం సున్నా రాలేదని అర్థం. ఓవర్‌లోడ్ అంటే కరెంటు ఎంత, అది ఎంతసేపు పారింది అన్న రెండూ కలిపి వేసిన లెక్క హద్దు దాటిందని. కోడ్ చెప్పేది ఏ కొలత గీత దాటిందో మాత్రమే. ఆ కొలతను ఎవరు దాటించారో మీటరు పట్టుకుని మనం తేల్చాలి.

ముందు అంకెలు తెలియాలి

415 వోల్టుల డ్రైవ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆర్, ఎస్, టీ టెర్మినళ్లలోకి వచ్చిన ఏసీని ఆరు డయోడ్ల బ్రిడ్జి డీసీగా మారుస్తుంది. ఆ డీసీ పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో నిలుస్తుంది. అక్కణ్నుంచి ఆరు ఐజీబీటీలు దాన్ని ముక్కలుగా కోసి యూ, వీ, డబ్ల్యూ ద్వారా మోటారుకు పంపుతాయి. లోడ్ లేనప్పుడు బస్ వోల్టేజి 415 ఇంటూ 1.414, అంటే 587 వోల్టుల దగ్గర ఉంటుంది. లోడ్ పడ్డాక 1.35 రెట్లకు, అంటే 560 దగ్గరకు దిగుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం చీకటి పోయినట్టే. ఈ క్లాసు డ్రైవ్‌లు ఎక్కువగా 800 దాటాక ఓవర్ వోల్టేజి అంటాయి, 400కు కాస్త అటూఇటూగా పడిపోతే అండర్ వోల్టేజి అంటాయి. ఖచ్చితమైన హద్దు మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది.

కవర్ తీసే ముందు ఒక మాట. సప్లయ్ ఆపిన వెంటనే ఆ 587 వోల్టులు ఎక్కడికీ పోవు. చిన్న డ్రైవ్‌కు కనీసం 5 నిమిషాలు, పెద్దవాటికి 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. లోపలి చార్జ్ ల్యాంప్ ఆరిపోయిందని చేయి పెట్టకూడదు, ఆ ల్యాంపే పోయి ఉండొచ్చు. ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు డీసీ రేంజిలో పెట్టి 25 వోల్టుల లోపు ఉందని చూశాకే పని మొదలుపెట్టాలి. మీటరు, దాని ప్రోబులు రెండూ కేటగిరీ త్రీ 1000 వోల్టుల రేటింగువి కావాలి. బజారులో దొరికే రెండొందల రూపాయల మీటరు ఈ పనికి పనికిరాదు.

ఎప్పుడు ట్రిప్ అయింది?

ఓవర్ కరెంట్ గురించి ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ డ్రైవ్‌లు అనవసరంగా విప్పబడేదీ, ఎక్కువ ఐజీబీటీలు అనవసరంగా కాలిపోయేదీ దీని దగ్గరే. మంచి డ్రైవ్ ఏదైనా ఓవర్ కరెంట్‌ను మూడు రకాలుగా విడగొట్టి చెబుతుంది: స్పీడ్ పెరుగుతున్నప్పుడు, నిలకడగా తిరుగుతున్నప్పుడు, తగ్గుతున్నప్పుడు. కారణానికి దారి చూపేది ఈ విభజనే. కానీ ఇక్కడో గోతి ఉంది. ఓసీ అంటే ఓవర్ కరెంట్. మిత్సుబిషీలో ఓసీ2 అంటే నిలకడ స్పీడులో, ఓసీ3 అంటే తగ్గేటప్పుడు. ఫుజీలో ఓసీ2 తగ్గేటప్పుడు, ఓసీ3 నిలకడ స్పీడులో. డెల్టా వాళ్లు అంకెలు వదిలేసి ఏ (పెరిగేటప్పుడు), డీ (తగ్గేటప్పుడు), ఎన్ (నిలకడలో) అక్షరాలు పెట్టారు, అదే మేలు. ఒక కంపెనీ డ్రైవ్ మీద నేర్చుకున్న కోడ్‌ను ఇంకో కంపెనీ దానికి అంటగడితే బ్రేక్ రెసిస్టర్ (మోటారును ఆపేటప్పుడు వచ్చే శక్తిని వేడిగా మార్చేది) దగ్గర ఉన్న తప్పును గేర్‌బాక్సులో వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

కోడ్‌తో పాటు ఫాల్ట్ లాగ్ కూడా చూడాలి. ట్రిప్ అయిన క్షణాన ఫ్రీక్వెన్సీ ఎంత, కరెంటు ఎంత, బస్ వోల్టేజి ఎంత అన్నది చాలా డ్రైవ్‌లు దాచి పెడతాయి. 22 కిలోవాట్ల మోటారు ఫుల్‌లోడ్ కరెంటు 40 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. లాగ్‌లో 3 హెర్ట్జ్ దగ్గర 95 ఆంపియర్లని ఉంటే మోటారు కదల్లేకపోయిందన్నమాట. ఎలివేటర్ బూట్‌లో (అడుగు భాగంలో) వడ్లు పేరుకుని ఉండొచ్చు, మోటారు మెకానికల్ బ్రేక్ విడవకపోయి ఉండొచ్చు. టార్క్ బూస్ట్ (తక్కువ స్పీడులో అదనపు వోల్టేజి ఇచ్చే సెట్టింగు) అతిగా పెంచినా ఇదే గతి. స్టార్టింగులో బలం చాలడం లేదని బూస్ట్‌ను పెంచుకుంటూ పోతే తక్కువ ఫ్రీక్వెన్సీలో మోటారు కోర్ సాచురేట్ అయి (ఇక అయస్కాంతం పెరగని హద్దుకు చేరి), కరెంటు పెరుగుతుంది కానీ బలం పెరగదు. బూస్ట్ తగ్గించి, యాక్సిలరేషన్ టైమును 5 సెకన్ల నుంచి 15కో 20కో పెంచి చూడాలి.

పెద్ద బ్లోయర్లది వేరే కథ. ఆగి ఉన్నప్పుడు డక్ట్‌లోని గాలికి ఫ్యాన్ రెక్కలు వెనక్కి తిరుగుతుంటాయి. డ్రైవ్ సున్నా నుంచి ముందుకు మొదలుపెడితే ఎదురుదెబ్బ తగిలి ఓవర్ కరెంట్ వస్తుంది. ఇందుకు, తిరుగుతున్న మోటారు స్పీడును ముందు కనిపెట్టి అక్కణ్నుంచి మొదలుపెట్టే స్పీడ్ సెర్చ్ లేదా ఫ్లయింగ్ స్టార్ట్ అనే పారామీటర్ ఉంటుంది. లేదంటే స్టార్ట్‌కు ముందు కొన్ని సెకన్ల డీసీ బ్రేకింగ్ (డీసీ ఇచ్చి మోటారును నిలబెట్టడం) పెట్టొచ్చు. ఇందులో విప్పాల్సిందేమీ లేదు.

నిలకడగా తిరుగుతూ ఉన్నట్టుండి ఓవర్ కరెంట్ వస్తే రెండు చూడాలి. ఒకటి లోడ్ ఒక్కసారిగా బిగుసుకోవడం. రెండోది డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఎవరో పెట్టిన కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్). డ్రైవ్ నడుస్తుండగా ఆ కాంటాక్టర్ ఊడి మళ్లీ పడితే, నిలబడిన మోటారు మీద పూర్తి వోల్టేజి ఒక్కసారిగా పడుతుంది. ఆ కాంటాక్టర్ ఉండక తప్పకపోతే డ్రైవ్ ఆగాకే అది కదిలేలా ఇంటర్‌లాక్ చేయాలి.

రన్ నొక్కగానే, మోటారు కొంచెం కూడా కదలకుండా ట్రిప్ అయితే అది లోడ్ పని కాదు. ఎక్కడో షార్ట్ ఉంది. ఇలాంటప్పుడే రీసెట్ నొక్కుతూ పోవడం ప్రమాదం. షార్ట్ సర్క్యూట్‌ను ఐజీబీటీ తట్టుకోగలిగేది దాదాపు 10 మైక్రోసెకన్లు. ఆలోగా డ్రైవర్ సర్క్యూట్ దాన్ని కనిపెట్టి ఆపేస్తుంది కాబట్టే బతికింది. ప్రతి రీసెట్టూ దాన్ని మళ్లీ ఆ అంచుకే తీసుకెళ్తుంది.

మూడు మెట్లలో విడదీయడం

ఇక్కడ ఊహలు పక్కనపెట్టి వైర్లు విప్పాలి. మొదటి మెట్టు: డ్రైవ్ దగ్గర యూ, వీ, డబ్ల్యూ వైర్లు తీసేసి, వీ/ఎఫ్ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు వోల్టేజి ఇచ్చే సాదా పద్ధతిలో), అవుట్‌పుట్ ఫేజ్ లాస్ డిటెక్షన్‌ను తాత్కాలికంగా ఆపి రన్ ఇవ్వాలి. మోటారు కరెంటును చూసి నడిపే వెక్టర్ మోడ్‌లో ఉంచి ఇస్తే మోటారు లేదని డ్రైవ్ వేరే కోడ్ చూపించి మనల్ని పక్కదారి పట్టించవచ్చు. ఖాళీ టెర్మినళ్లతో కూడా ఓవర్ కరెంట్ వస్తే తప్పు లోపలే: ఐజీబీటీ, గేట్ డ్రైవర్, కరెంట్ సెన్సర్, ఈ మూడింట్లో ఒకటి. మోటారు ఆగి ఉండగా కూడా డిస్‌ప్లేలో నాలుగైదు ఆంపియర్లు చూపిస్తోందా? అయితే కరెంటును కొలిచే హాల్ సెన్సర్ గానీ దానికొచ్చే ప్లస్, మైనస్ 15 వోల్టుల సప్లయ్ గానీ పోయింది.

ఖాళీగా చక్కగా నడిస్తే రెండో మెట్టు. కేబుల్‌ను డ్రైవ్‌కు కలిపి, మోటారు టెర్మినల్ బాక్సులో విప్పి, చివరలు విడివిడిగా టేప్ చేసి నడపాలి. ట్రిప్ అయితే కేబుల్ తప్పు. కాకపోతే మూడో మెట్టు మోటారు.

మోటారుకు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టేటప్పుడు డ్రైవ్ వైపు వైర్లు విప్పే ఉండాలి. కలిపి ఉంచి 500 వోల్టుల మెగ్గర్ తిప్పితే బాగున్న డ్రైవ్ కూడా పోవచ్చు. 415 వోల్టుల మామూలు మోటారుకు వైండింగ్ నుంచి బాడీకి ఒక నిమిషం మెగ్గర్ చేస్తే 5 మెగాఓమ్‌లకు తగ్గకూడదు. ఆరోగ్యంగా ఉన్న మోటారు వందల్లో చూపిస్తుంది. కానీ మెగ్గర్ బాగుందంటే మోటారు బాగుందని కాదు. ఒకే ఫేజులో చుట్టుకూ చుట్టుకూ మధ్య షార్ట్ అయితే మెగ్గర్‌కు అది కనిపించదు. 22 కిలోవాట్ల మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ ఒక ఓమ్‌లో కొంత భాగమే కాబట్టి మామూలు మల్టీమీటరుకూ అంతు చిక్కదు. నాలుగు వైర్ల మిల్లీఓమ్ మీటరుతో మూడు ఫేజులూ కొలిచి పోల్చాలి, లేదా రీవైండింగ్ షాపులో సర్జ్ టెస్ట్ చేయించాలి. ఇవేవీ అందుబాటులో లేకపోతే అదే డ్రైవ్‌కు ఒక చిన్న మంచి మోటారు తగిలించి నడిపితే దోషం ఎటుందో తేలిపోతుంది.

డయోడ్ టెస్ట్: ఐదు నిమిషాల పని

మొదటి మెట్టులోనే డ్రైవ్ తప్పు అని తేలినా, అసలు పవర్ ఇవ్వగానే ఎంసీసీబీ (మెయిన్ బ్రేకర్) పడిపోతున్నా, సప్లయ్ తీసేసి డయోడ్ మోడ్‌లో మల్టీమీటరు పెట్టాలి. ఎర్ర ప్రోబ్ ఆర్ మీద, నల్లది ప్లస్ మీద: 0.3 నుంచి 0.6 వోల్టుల మధ్య రావాలి. ప్రోబులు తారుమారు చేస్తే ఓపెన్ చూపాలి. తర్వాత ఎర్రది మైనస్ మీద, నల్లది ఆర్ మీద: మళ్లీ అదే విలువ, తారుమారు చేస్తే ఓపెన్. ఎస్, టీలకూ ఇలాగే. ఆపైన యూ, వీ, డబ్ల్యూలకూ అచ్చంగా ఇలాగే, ఎందుకంటే ప్రతి ఐజీబీటీకీ అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. మొత్తం పన్నెండు డయోడ్లు. సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్, రెండు వైపులా ఓపెన్ అయితే తెగిపోయింది. విడి విలువ కంటే పోలిక ముఖ్యం: ఐదు చోట్ల 0.42 వచ్చి ఒకచోట 0.29 వస్తే అనుమానించాలి.

పెద్ద డ్రైవ్‌లలో ఇన్‌పుట్ బ్రిడ్జి పై సగం థైరిస్టర్లతో (సిగ్నల్ ఇస్తేనే కరెంటును వదిలే డయోడ్లలాంటివాటితో) ఉంటుంది. అక్కడ ఆర్ నుంచి ప్లస్‌కు రెండు వైపులా ఓపెన్ రావడమే సరైనది. ఈ సంగతి తెలియక మంచి మాడ్యూల్‌ను పీకేసే అవకాశం ఉంది.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. ఇది డయోడ్లనే చూస్తుంది, ఐజీబీటీ స్విచ్ అవుతోందో లేదో చెప్పదు. గేట్ (ఆన్, ఆఫ్ సిగ్నల్ అందుకునే కాలు) పోయిన ఐజీబీటీ డయోడ్ టెస్ట్ దర్జాగా పాసవుతుంది, మోటారు మాత్రం గరగరమంటూ వణుకుతుంది. దాన్ని పట్టడానికి మోటారు విప్పేసి డ్రైవ్ నడుపుతూ, బస్ మైనస్ నుంచి యూ, వీ, డబ్ల్యూలకు డీసీ వోల్టేజి కొలవాలి. మూడూ ఒకేలా, సాధారణంగా బస్‌లో సగం దగ్గర, అంటే 290 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఒకటి పక్కకు పోయిందంటే ఆ ఫేజులో ఒక ఐజీబీటీ పని చేయడం లేదు. ఇది ప్రాణం మీదికి తెచ్చే వోల్టేజి, ఇన్సులేటెడ్ క్లిప్పులు సప్లయ్ ఆపి తగిలించి, తర్వాతే ఆన్ చేయాలి. డ్రైవ్ అవుట్‌పుట్‌ను మామూలు మీటరుతో ఏసీలో కొలిస్తే వచ్చే అంకెను నమ్మొద్దు. అది సైన్ వేవ్ కాదు, కిలోహెర్ట్జ్‌లలో నరికిన పల్స్‌లు. లో పాస్ ఫిల్టర్ ఉన్న ట్రూ ఆర్ఎంఎస్ మీటరే సరైన విలువ చెబుతుంది.

ఓవర్ వోల్టేజి: కరెంటాఫీసును తిట్టే ముందు

ఓవర్ వోల్టేజి అనగానే లైనులో వోల్టేజి ఎక్కువొచ్చిందని అనుకోవడం సహజం. లెక్క వేసి చూడండి. సప్లయ్ 470 వోల్టులున్నా బస్ 665 దాటదు. 800 రావాలంటే లైనులో 565 వోల్టులుండాలి, అంతుంటే మిల్లులో బల్బులన్నీ ముందే పేలిపోతాయి. కాబట్టి నిలకడైన సప్లయ్ వల్ల ఈ ట్రిప్ రావడం అరుదు. ఎక్కువసార్లు ఆ వోల్టేజి మోటారు నుంచే వస్తుంది. బరువైన లోడ్‌ను తొందరగా ఆపబోతే మోటారు జనరేటర్‌గా మారి శక్తిని బస్‌లోకి తోస్తుంది. డయోడ్ బ్రిడ్జి దాన్ని లైనుకు తిరిగి పంపలేదు, కెపాసిటర్లు నిండి వోల్టేజి ఎక్కుతుంది. డీసెలరేషన్ టైము పెంచడం మొదటి మందు. ష్నైడర్ డ్రైవ్‌లు ఈ తేడాను కోడ్‌లోనే చెబుతాయి: ఆపేటప్పటిదైతే ఓబీఎఫ్, లైను నుంచి వచ్చిందైతే ఓఎస్ఎఫ్.

తొందరగా ఆగి తీరాల్సిన లిఫ్టు, క్రేను, సెంట్రిఫ్యూజ్ లాంటివాటికి బ్రేక్ రెసిస్టర్ ఉంటుంది. నిన్నటిదాకా బాగా ఆగిన మిషను ఇవాళ ఓవర్ వోల్టేజి చూపిస్తే ముందుగా ఆ రెసిస్టర్‌ను ఓమ్ మీటరుతో చూడాలి. చాలాసార్లు తెగిపోయి ఉంటుంది. మార్చేటప్పుడు చేతికందింది పెట్టకూడదు. బస్ 760 వోల్టుల దగ్గర బ్రేక్ ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుందనుకుంటే 30 ఓమ్‌ల రెసిస్టర్ 25 ఆంపియర్లు లాగుతుంది, 15 ఓమ్‌లది 50 లాగి ఆ ట్రాన్సిస్టర్‌నే కాల్చేస్తుంది. మాన్యువల్లో చెప్పిన కనీస ఓమ్‌ల కంటే దిగకూడదు.

మోటారు ఆగి ఉండగానే ఓవర్ వోల్టేజి వస్తోందా? అప్పుడు లైను స్పైక్‌లు చూడాలి. సబ్‌స్టేషనులోనో, మీ సొంత ఏపీఎఫ్‌సీ ప్యానెల్లోనో పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు పడే క్షణాన వచ్చే ఎగుడుదిగుళ్లు డ్రైవ్ లోపలి బస్ వోల్టేజిని ఎక్కించేస్తాయి. డ్రైవ్ ముందు 3 శాతం లైన్ చోక్ (సప్లయ్‌కు సిరీస్‌లో పెట్టే కాయిల్) పెడితే చాలావరకు తగ్గుతాయి. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లను డ్రైవ్ అవుట్‌పుట్ వైపు మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. స్టార్టర్ తీసి డ్రైవ్ పెట్టేటప్పుడు మోటారు దగ్గర పాత కెపాసిటర్ అలాగే మిగిలిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. స్పైక్‌లూ లేకపోతే డిస్‌ప్లే చూపే బస్ వోల్టేజిని మీటరు రీడింగుతో పోల్చాలి. మీటరు 590, డిస్‌ప్లే 720 చూపితే కొలిచే సర్క్యూట్‌లో రెసిస్టర్ల విలువ మారిపోయింది.

అండర్ వోల్టేజి, వెనకాల ఒక చిన్న రిలే

పవర్ ఇవ్వగానే ఖాళీ కెపాసిటర్లు షార్ట్ లాగే కరెంటు గుంజుతాయి. దాన్ని అదుపు చేయడానికి ముందు ఒక రెసిస్టర్ ద్వారా నింపి, నిండాక ఒక రిలే లేదా కాంటాక్టర్ ఆ రెసిస్టర్‌ను బైపాస్ చేస్తుంది. ఈ రిలే పడకపోతే వచ్చే లక్షణం చూడముచ్చటగా ఉంటుంది: ఆగి ఉన్నప్పుడు బస్ 585, డిస్‌ప్లే మామూలు, రన్ ఇచ్చి లోడ్ పడగానే బస్ జారిపోయి అండర్ వోల్టేజి. లోపల రెసిస్టర్ కాలిన వాసన. సప్లయ్ కొలిస్తే మూడు ఫేజులూ భేషుగ్గా ఉంటాయి కాబట్టి అందరూ తికమక పడతారు. రిలే పడే టక్ శబ్దం వినిపించిందా లేదా అని చూడటం సులువైన మొదటి పరీక్ష. రెసిస్టర్ మాత్రమే మార్చి రిలేను వదిలేస్తే కొత్తదీ కాలిపోతుంది.

రిలే బాగుంటే సప్లయ్‌ను డ్రైవ్ టెర్మినళ్ల దగ్గరే, లోడ్ నడుస్తుండగా కొలవాలి. లూజైన లగ్, కాలిన ఐసొలేటర్ కాంటాక్ట్, ఎగిరిన ఫ్యూజు, ఇవన్నీ ఖాళీగా ఉన్నప్పుడు మంచి వోల్టేజే చూపిస్తాయి. ఒక ఫేజ్ పోయినా డ్రైవ్ తేలికపాటి లోడ్‌ను లాగుతూనే ఉంటుంది. మిగిలిన రెండు ఫేజుల డయోడ్ల మీద భారం పెరుగుతుంది, బస్‌లో అలలు 300 హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్‌కు మారి కెపాసిటర్లు వేడెక్కుతాయి. మూడు ఫేజులూ సరిగా ఉండి కూడా ఫేజ్ లాస్ కోడ్ వస్తుంటే ఆ కెపాసిటర్లనే అనుమానించాలి. ఎండిపోయిన కెపాసిటర్ కూడా బస్‌లో అలలే పెంచుతుంది, డ్రైవ్‌కు ఆ రెండింటి తేడా తెలియదు. విప్పి కొలిస్తే మార్కు చేసిన విలువలో 85 శాతం కంటే తగ్గిన కెపాసిటర్‌ను మార్చేయాలి. ఈ క్లాసులో సాధారణంగా 400 లేదా 450 వోల్టుల కెపాసిటర్లు రెండేసి సిరీస్‌లో ఉంటాయి. ఒకటి పోతే రెండోదాని మీద వోల్టేజి ఎక్కువ పడి ఉంటుంది కాబట్టి జతగా మార్చాలి, వాటికి అడ్డంగా ఉండే బ్యాలెన్స్ రెసిస్టర్లనూ చూడాలి.

ఎర్త్ ఫాల్ట్, పొడుగు కేబుళ్లు

యూ, వీ, డబ్ల్యూ కరెంట్ల మొత్తం ఎప్పుడూ సున్నా కావాలి. కాలేదంటే గట్టు ఎక్కడో తెగి నీళ్లు పక్క మడిలోకి పోతున్నట్టే. వాన పడిన మర్నాడు పొద్దున ట్రిప్ అయి, ఎండెక్కాక మామూలుగా నడిచే డ్రైవ్ ఉందంటే టెర్మినల్ బాక్సులోకి తేమ దిగింది, కేబుల్ గ్లాండ్ చూడాలి. విడదీసే మూడు మెట్లు ఇక్కడా పనికొస్తాయి.

తెలంగాణ, రాయలసీమల్లో వందల అడుగుల లోతున సబ్‌మర్సిబుల్ మోటారును డ్రైవ్ మీద, సోలార్ కంట్రోలర్ మీద నడిపే చోట్ల ఇది ఇంకో రూపంలో వస్తుంది. ఐజీబీటీ పల్స్ అంచు 0.1 మైక్రోసెకను చుట్టుపక్కల పైకి లేస్తుంది. అంత వేగమైన అంచు పది, పదిహేను మీటర్లు దాటిన కేబుల్ చివర మోటారును తాకి వెనక్కి మళ్లుతుంది. రెండూ కలిసి మోటారు టెర్మినళ్ల దగ్గర బస్ వోల్టేజికి రెట్టింపు, అంటే 1100 నుంచి 1200 వోల్టుల స్పైక్ తయారవుతుంది. సెకనుకు వేలసార్లు ఆ దెబ్బ తిన్న వైండింగ్ మొదటి చుట్ల దగ్గర, నీళ్లలోని కేబుల్ జాయింట్ దగ్గర చిట్లుతుంది. పైగా పొడుగు కేబుల్ తనే ఒక కెపాసిటర్‌లా ప్రతి పల్స్‌కూ ఎర్త్‌కు కొంత కరెంటు తాగుతుంది. అందుకే ఏ లోపమూ లేకపోయినా ఎర్త్ ఫాల్ట్ రావచ్చు. క్యారియర్ ఫ్రీక్వెన్సీని (ఐజీబీటీలు ఆన్, ఆఫ్ అయ్యే వేగాన్ని) 8 కిలోహెర్ట్జ్ నుంచి 2కో 3కో తగ్గిస్తే ఆ కరెంటు తగ్గుతుంది. మోటారును కాపాడాలంటే డ్రైవ్ అవుట్‌పుట్ దగ్గర పల్స్ అంచును నెమ్మది చేసే డీవీ/డీటీ ఫిల్టర్, బోరు లోతును బట్టి పల్స్‌లను సైన్ వేవ్‌గా మార్చే సైన్ ఫిల్టర్ పెట్టాలి. సైన్ ఫిల్టర్ పెడితే క్యారియర్‌ను దాని మీద రాసిన హద్దు కంటే తగ్గించకూడదు. ఫిల్టర్ ఖర్చు ఎక్కువనిపిస్తుంది, బోరులోంచి మోటారు తీసి దింపే ఖర్చు పక్కన రాసి చూస్తే అనిపించదు.

వేడి

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. 22 కిలోవాట్ల డ్రైవ్ తన లోపల 500, 600 వాట్ల వేడి పుట్టిస్తుంది. రైస్‌మిల్లులో ఊక దుమ్ము, స్పిన్నింగ్ మిల్లులో దూది పీచు హీట్‌సింక్ రెక్కల మధ్య చాప పరిచినట్టు పరుచుకుంటాయి. ఫ్యాన్ తిరుగుతోందా, గాలి నిజంగా బయటికి వస్తోందా చూడాలి. చాలా డ్రైవ్‌ల రేటింగు 40 డిగ్రీల దాకానే, పైన ఒక్కో డిగ్రీకి ఒక శాతం చొప్పున తగ్గించుకోమని తయారీదారులు చెబుతారు. రేకుల షెడ్డులో మే నెలలో ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పొద్దున్నే చల్లటి డ్రైవ్‌కు పవర్ ఇవ్వగానే ఓవర్ హీట్ అంటే మాత్రం వేడిని కొలిచే థర్మిస్టర్ గానీ దాని కనెక్టర్ గానీ పోయింది.

డిస్‌ప్లే రాకపోతే

బస్ మీద 587 ఉండి డిస్‌ప్లే చీకటిగా ఉంటే లోపలి ఎస్ఎంపీఎస్ (డిస్‌ప్లేకూ కంట్రోల్ బోర్డుకూ చిన్న వోల్టేజిలు ఇచ్చే సప్లయ్) నిద్రపోయింది. బోర్డు విప్పే ముందు రెండు పనులు చేయండి. సప్లయ్ ఆపి, కంట్రోల్ టెర్మినళ్లకు బయట నుంచి వచ్చిన వైర్లన్నీ తీసేసి చూడండి. ఫీల్డులో 24 వోల్టుల వైరు బాడీకి తగిలితే డ్రైవ్ మొత్తం మూగబోతుంది. తర్వాత కూలింగ్ ఫ్యాన్ కనెక్టర్ తీసి చూడండి, షార్ట్ అయిన ఫ్యాన్ కూడా 24 వోల్టుల సప్లయ్‌ను కిందికి లాగేస్తుంది. ఈ రెండూ కాకపోతే బోర్డు మీద స్టార్టింగ్ రెసిస్టర్ తెగిందా చూడాలి. వందల కిలోఓమ్‌లది, ఎప్పుడూ బస్ వోల్టేజి మోస్తూ ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. ఆ తర్వాత యూసీ3844 లాంటి కంట్రోల్ ఐసీ పక్కనుండే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఏళ్ల తరబడి నడిచి, ఒకసారి ఆపి మర్నాడు వేస్తే లేవని డ్రైవ్‌లో నేరం తరచుగా దానిదే.

ఐజీబీటీ మార్చేటప్పుడు

మాడ్యూల్ షార్ట్ అయిందని తేలాక కొత్తది బిగించి నేరుగా 415 ఇవ్వడం డబ్బును పొగబెట్టడమే. పాతది పేలినప్పుడు గేట్ లైను మీదుగా బస్ వోల్టేజి వెనక్కి పోయి గేట్ రెసిస్టర్లు, జీనర్లు, గేట్‌కు సిగ్నల్ అందించే ఏ3120 లాంటి ఆప్టోకప్లర్లను కూడా కొట్టి ఉంటుంది. ఆరు గేట్ల దగ్గరా రెసిస్టెన్స్ పోల్చాలి. కంట్రోల్ సప్లయ్ మాత్రమే ఇచ్చి, ఆగి ఉన్నప్పుడు ప్రతి గేట్ మీదా నెగటివ్ బయాస్ (ఐజీబీటీని ఆఫ్‌లో ఉంచే నెగటివ్ వోల్టేజి) ఒకేలా ఉందా చూడాలి. కొన్ని డిజైన్లలో నెగటివ్ ఉండదు, సున్నా ఉంటుంది, అదైనా అన్నిటికీ ఒకేలా ఉండాలి. రన్ ఇచ్చినప్పుడు పల్స్‌లు 15 వోల్టుల దాకా లేస్తున్నాయా ఆసిలోస్కోపులో చూడాలి. హీట్‌సింక్ తుడిచి, థర్మల్ పేస్ట్ పలచగా రాసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి.

మొదటిసారి బస్ పవర్ ఇచ్చేటప్పుడు కెపాసిటర్ బ్యాంకుకూ ఐజీబీటీకీ మధ్య ప్లస్ లైనులో 230 వోల్టుల, 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు మూడు సిరీస్‌లో పెట్టాలి. రెండు పెడితే షార్ట్ ఉన్నప్పుడు ఒక్కోదాని మీద 290 వోల్టులు పడి అవే పోతాయి. ఎల్ఈడీ బల్బులు ఈ పనికి రావు. ఇంకా ఎక్కడైనా తప్పుంటే బల్బులు వెలుగుతాయి, మాడ్యూల్ బతుకుతుంది. వెలగకుండా ఖాళీగా నడిస్తే బల్బులు తీసి చిన్న మోటారుతో, ఆ తర్వాతే అసలు మోటారుతో నడపాలి. ఐదు హెచ్‌పీ లోపు డ్రైవ్‌లలో ఈ శ్రమ చాలావరకు దండగ, కొత్తది కొనడమే నయం. మాడ్యూల్, డ్రైవర్ పార్టులు, కూలి కలిపితే దాని ధరకు దగ్గరికి వస్తుంది.

స్టోరులోని స్పేర్ డ్రైవ్ తెచ్చి పెట్టేవాళ్లు దాని తయారీ తేదీ చూడాలి. ఏడాదికి పైగా పవర్ లేకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో లోపలి ఆక్సైడ్ పొర పలచబడుతుంది, పూర్తి వోల్టేజి ఒక్కసారిగా ఇస్తే లీకేజి పెరిగి పేలవచ్చు. ఏడాది నుంచి రెండేళ్ల దాకా అయితే లోడ్ లేకుండా ఒక గంట పవర్ ఇచ్చి ఉంచాలి. అంతకు మించితే వేరియాక్‌తో (వోల్టేజిని మెల్లగా పెంచగలిగే ట్రాన్స్‌ఫార్మర్‌తో) రేటెడ్ వోల్టేజిలో పావు వంతు దగ్గర అరగంట, సగం దగ్గర అరగంట, ముప్పావు దగ్గర అరగంట, పూర్తి వోల్టేజి దగ్గర ఇంకో అరగంట ఉంచి ఎక్కించాలి. కింది మెట్ల దగ్గర డిస్‌ప్లే రాదు, ఎస్ఎంపీఎస్ లేవడానికి ఆ వోల్టేజి చాలదు. అదేమీ లోపం కాదు.